ఒకే వాక్యము – రెండు వ్యాఖ్యలు

మార్కు సువార్త పదవ యధ్యాయమున, శిశువులను దెచ్చినవారిని శిష్యులు గద్దింపఁగా, యేసు కోపపడి యా బిడ్డల నెత్తుకొని యాశీర్వదించెను. రాజమహేంద్రవరపు లూథరనులు శిశుబాప్తిస్మమునకును, కథోలికులు జ్ఞానస్నానమునకును దీనినే యాధారముగాఁ జూపుదురు. 1874లో కాకినాడలో నెలకొనిన కెనడా మిషను సంప్రదాయమునకుఁ జెందిన మా తుని బాప్తిస్టులో, ఇది దీవెనయే యనియు, విశ్వాసము నొప్పుకొనినవారికే బాప్తిస్మము తగుననియు వాదింతురు.

మూలమున నీటిమాటయే లేదు. కావున నక్షరార్థమున బాప్తిస్టుల పక్షమే బలమైనదని మాకుఁ దోఁచుచున్నది. బిడ్డల నడ్డగింపరాదను తాత్పర్యమును మాత్రము లూథరనులు చక్కఁగా గ్రహించిరి. బ్రహ్మసూత్రములకు శంకర రామానుజుల భాష్యములు వేఱయినట్లే, యిచ్చటను భేదము వ్యాఖ్యాతలది.

చదువరులారా! మూలమేదో, వ్యాఖ్యయేదో వేఱుపఱచి చదువుఁడు. యేసు కోపము నీటినిగూర్చినది కాదు, అడ్డగించినవారిపైనిది. మన వాదములనడుమ బిడ్డలు వాకిటనే నిలిచిపోయిరేని, ఆ కోపమునకుఁ బాత్రులము మనమే.