పెట్టె మింగేసిన గొంతులు

దమ్మపేట దాటి, పామాయిల్ తోటలు ఆగి టేకుచెట్లు మొదలయ్యే చోట ఒక ఇప్పచెట్టుకు నా రికార్డరు కట్టి ఉంటుంది. ఆడియోమాత్ అంటారు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. మూడు పెన్ సెల్స్ వేస్తే జెముడుకాకి నుంచి గబ్బిలం దాకా అన్నీ వింటుంది. వానొక్కటే దానికి పడదు.

మొదటి ఏడు జిప్ కవర్లో పెట్టి కట్టాను. చుక్క నీరు దిగలేదు గానీ, ఆకు కదిలితే కవరు గరగర, చినుకు పడితే రేకుల మీద గులకరాళ్లు పోసినట్టు మోత. రెండో ఏడు గట్టి ప్లాస్టిక్ డబ్బా తెచ్చి మూత బిగించాను. ఈసారి మోత తగ్గింది. తీతువు అరుపు వినబడింది. రాత్రంతా చెవులు గింగురుమనిపించే కీచురాళ్లు మాత్రం గోడ అవతలికి పోయినట్టున్నాయి. సన్నటి గొంతులే ముందు డబ్బా గోడ దగ్గర ఆగిపోతాయి.

నాకు భయం పుట్టింది అప్పుడే. యంత్రం తడిస్తే వెంటనే తెలుస్తుంది. పెట్టె మింగేసిన గొంతు సంగతి ఎవరికీ తెలియదు. ఆ ప్రాణి అడవిలో లేదనే రాసుకుంటాం. కడప జిల్లా కలివికోడి అంతరించిందనే 1986 దాకా అనుకున్నారు. రెడ్డిపల్లి దగ్గర స్థానిక వేటగాడు ఐతన్నకు దొరికాకే అది బతికుందని లోకానికి తెలిసింది. రాత్రి తిరిగే అలాంటి పిట్టను కంటితో పట్టుకోవడం కష్టం, కూతే ఆనవాలు.

ఇప్పుడు డబ్బాకు రంధ్రం చేసి, నీటిని ఆపి శబ్దాన్ని వదిలే పల్చటి పొర అంటించాను. మైకు ఆ రంధ్రానికి ఆనుకునే ఉండాలి. ఎడం ఎక్కువైతే ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు బోలు మోత వస్తుంది. 8 కిలోహెర్ట్జ్ కూత అల పొడవు 4 సెంటీమీటర్లే మరి, అర అంగుళం తేడా కూడా దాన్ని మార్చేస్తుంది. పగటి ఉక్క రాత్రి చల్లబడి లోపలే నీరవుతుంది కాబట్టి సిలికా జెల్ పొట్లం కూడా వేస్తాను.

ఆ పొర కూడా డప్పు చర్మం లాంటిదే. చెమ్మ తగిలిన డప్పును మంటకు కాచి గానీ కొట్టరు. తడి పట్టిన పొరా అలాగే మూగబోతుంది. అందుకే రంధ్రాన్ని నేలవైపు తిప్పి కడతాను.

కట్టే ముందు తాళాల గుత్తి ఆడించి, డబ్బాలో ఒకసారి, బయట ఒకసారి రికార్డు చేసి వింటాను. ఆ గలగలలో సన్నటి మోత రెండింట్లోనూ ఒకేలా వినబడాలి.

నిన్న వాన వెలిశాక వెళ్లి చూస్తే పొర అంచున ఒక నీటిబొట్టు వేలాడుతోంది. పంచె అంచుతో అద్ది తీశాను. అప్పటికే కీచురాళ్లు మొదలెట్టాయి.