పిట్స్ గీతలు, ఈగిల్ మాటలు

పిట్స్ స్పెషల్‌నీ క్రిస్టెన్ ఈగిల్‌నీ పక్కపక్కన పెట్టి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఆకాశం దగ్గరే ఆగిపోతారు. ఏది చురుగ్గా పల్టీ కొడుతుంది, దేన్ని దింపడం కష్టం, ఇవే చర్చలు. ఈ రెండు బైప్లేన్లనీ షెడ్డులో చూడాలని నా ఉద్దేశం. చెక్క దూలాలకీ పక్కటెముకలకీ ఇంకా గుడ్డ ఎక్కక ముందు, రెక్కలు మొదటిసారి బిగించి సరిచూసే రోజుల్లో. ఆ పనికి పిట్స్ ఇచ్చింది నక్షాలు, ఈగిల్ ఇచ్చింది సంపుటాల కొద్దీ సూచనలు. రెండూ చదవాల్సిన రచనలే కాబట్టి రెండింటినీ విమర్శకుడిలాగే చదువుతాను.

కర్టిస్ పిట్స్ తన మొదటి పిట్స్ స్పెషల్‌ను 1944లో ఎగరేశాడు. ఆ తర్వాత వచ్చిన వాటిలో ఒకటి ఏరోబాటిక్ పైలట్ బెట్టీ స్కెల్టన్ చేతికి చేరి ‘లిటిల్ స్టింకర్’గా పేరు తెచ్చుకుంది. ఇప్పుడది స్మిత్సోనియన్ వారి ఉడ్వర్ హేజీ మ్యూజియంలో తలకిందులుగా వేలాడుతోంది. ఇంట్లో కట్టుకునేవాళ్ల కోసం ఎస్-1సి అనే పిట్స్ నమూనా నక్షాలు అమ్మకానికి వచ్చింది మాత్రం 1962లో. 1972లో ఫ్రాన్స్‌లో జరిగిన ప్రపంచ ఏరోబాటిక్ పోటీల్లో అమెరికా జట్టు పిట్స్‌లతోనే గెలిచింది. దానికి పోటీగా ఫ్రాంక్ క్రిస్టెన్సన్ 1977లో రెండు సీట్ల ఈగిల్‌ను తెచ్చాడు. నక్షా చూసి కట్టుకోమనకుండా, విమానం మొత్తాన్ని పెట్టెల్లో సర్ది, పెట్టెకో పుస్తకం జోడించి పంపాడు. తమాషా ఏమిటంటే 1981లో పిట్స్ హక్కులు కూడా ఆయన చేతికే వచ్చాయి. ఇంట్లో కట్టే పిట్స్‌ల హక్కులు 1994లో స్టీన్ ఏరో ల్యాబ్‌కు పోయాయి.

రెక్కల్ని బిగించి సరిచూసే పనినే రిగ్గింగ్ అంటారు. అసలు అందులో ఏముంది? పై రెక్క కాక్‌పిట్ ముందుండే కబేన్ స్ట్రట్ల మీద కూర్చుంటుంది. కింది రెక్కలు బాడీ పక్కన ఫిట్టింగులకు తగులుకుంటాయి. బయటి కొసల దగ్గర ఒక స్ట్రట్ రెండింటినీ కలుపుతుంది. మిగతా భారమంతా వైర్లది. పేరుకు వైర్లే గానీ ఇవి తీగలు కావు, గాలిని కోసేలా పలచగా సాగదీసిన స్టీలు కడ్డీలు. బాడీ అడుగు నుంచి పై రెక్కకు పోయేవి ఫ్లయింగ్ వైర్లు. గాల్లో లేచాక రెక్కల్ని పట్టి ఉంచేవి ఇవే. పై మధ్యభాగం నుంచి కింది రెక్కకు దిగేవి ల్యాండింగ్ వైర్లు. నేల మీద ఉన్నప్పుడు రెక్కల బరువు మోసేవీ, తలకిందులుగా ఎగిరేటప్పుడు భారం తీసుకునేవీ ఇవి. ఒకదాన్ని అర చుట్టు తిప్పితే మిగిలినవాటి బిగువూ మారిపోతుంది. నులకమంచం బిగించిన వాళ్లకు ఈ తంటా కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఒక్క కడ్డీ కొసను దగ్గరగా చూద్దాం. ఒక కొసన కుడి మర, రెండో కొసన ఎడమ మర. అందుకే నడుమ పట్టుకుని తిప్పితే రెండు కొసలూ ఒకేసారి లోపలికి పోతాయి, లేదా బయటికి వస్తాయి. ఎంత లోపలికి పోయిందో కంటికి కనబడదు కాబట్టి కొస మర దూరే ఫోర్కులో సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. అందులోంచి గుండుసూది అవతలికి దూరితే మర చాల్లేదని అర్థం, దూరకపోతే సరిపోయినట్టు. ఆ పైన కడ్డీ పలచటి అంచు గాలికి ఎదురుగా నిలిచేలా సరిచేసి లాక్‌నట్టు బిగించాలి. అంచు కాస్త పక్కకు తిరిగినా గాల్లో కడ్డీ వణుకుతుంది, వణికే కడ్డీ మర దగ్గర అలిసి విరుగుతుంది. ఇదీ మనం పోల్చబోయే అధ్యాయంలో వస్తువు.

పిట్స్ నక్షాలు ఈ వస్తువును కొలతల్లో చెబుతాయి. రెక్క ఎంత కోణంలో కూర్చోవాలి, పై రెక్క కింది రెక్కకన్నా ఎంత ముందుకుండాలి, కడ్డీ ఎంత పొడవు, అన్నీ ఉంటాయి. లేనిది వరస. రిగ్గింగ్‌లో ప్రాణం ఉన్నదే వరసలో. ముందు బాడీని స్టాండ్ల మీద ఎక్కించి రసమట్టంతో నిలువునా అడ్డంగా సమం చేయాలి. ఆ తర్వాత పై రెక్కను నడిమికి తేవాలి. దాని రెండు కొసల నుంచి తోక చివరి నిలువు కడ్డీదాకా టేపు పట్టి, రెండు పక్కలా ఒకే కొలత వచ్చేదాకా సర్దాలి. ముందంచు నుంచి దారానికి కట్టిన గుండు వేలాడదీసి ముందువెనకల తేడా చూడాలి. కింది రెక్కల వంతు ఆ తర్వాత, ఫ్లయింగ్ వైర్లు అన్నిటికన్నా ఆఖరున. పై రెక్క వంకరగా ఉండగానే కింది వైర్లు బిగిస్తే ఆ వంకర అలాగే బిగుసుకుపోతుంది. ప్రతి కొలతా నక్షాకు దగ్గరగానే కనబడుతుంది, విమానం మాత్రం ఎప్పటికీ ఒక పక్కకే లాగుతుంది.

ఈ మౌనాన్ని పిట్స్ అభిమానులు సద్గుణంగా చెప్పుకుంటారు. నక్షా తక్కువ చెబుతుంది కాబట్టి కట్టేవాడు ఎక్కువ నేర్చుకుంటాడని వాళ్ల వాదన. నాకది సగమే ఒప్పుదల. కట్టడం పూర్తిచేసినవాళ్లు చెప్పే మాట అది. సగంలో ఆపి షెడ్డుకు తాళం వేసినవాళ్లను ఎవరూ అడగరు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన బేగంపేటలో నడిచిన పైలట్ల శిక్షణ పాఠశాలలో టైగర్ మాత్ బైప్లేన్లు ఉండేవి. వైర్లు చూడటానికి రిగ్గర్ అనే వృత్తే వేరుగా ఉన్న కాలమది. కొత్తవాడి పక్కన పాత చేయి ఒకటి ఉండేది, నక్షా చెప్పనిది ఆ చేయి చెప్పేది. ఇంటి షెడ్డులో అలాంటి చేయి దొరకదు. ఆ లోటు తీర్చాల్సింది రచనే.

క్రిస్టెన్సన్ పసిగట్టింది సరిగ్గా దీన్నే. ఈగిల్ సంపుటాలు ఒక పనిని చిన్నచిన్న అడుగులుగా విడగొట్టి, బొమ్మ వేసి, ఇది అయ్యాకే అది అని చెబుతాయి. వెల్డింగ్ చేసిన బాడీ కిట్‌లోనే వస్తుంది కాబట్టి ఫిట్టింగు వంకరపోయే అవకాశం ముందే తగ్గింది. చదవడానికి రసహీనమైన వచనం, నిజమే. ఒక్క చమత్కారం లేదు, ఒక్క విశేషణం లేదు. కానీ రాత్రి తొమ్మిదింటికి ఉద్యోగం నుంచి వచ్చి షెడ్డులో దీపం వేసుకునేవాడికి చమత్కారం దేనికి? ముందు రోజు ఎక్కడ ఆపాడో అక్కడ మొదలుపెట్టగలగాలి, అంతే. ఈ ఒక్క అధ్యాయం వరకు ఈగిల్ రచనే మేలని నేను మొహమాటం లేకుండా అంటాను.

అయితే ఆ వచనంలో ఒక లోపముంది. ఏం చేయాలో చెప్పినంత శ్రద్ధగా ఎందుకు చేయాలో చెప్పదు. ఆ లోటు మొదటిసారి ఎగిరాక బయటపడుతుంది. స్టిక్ వదిలేస్తే విమానం ఎడమకు ఒరుగుతోంది అనుకోండి. అడుగులన్నీ పాటించినవాడు మళ్లీ అడుగులు వెతుక్కుంటాడు. కారణం తెలిసినవాడు ఎడమ రెక్క కోణం కాస్త పెంచాలా, కుడిది తగ్గించాలా అని ఆలోచిస్తాడు. ఆలోచించే ముందు విమానం పక్కకు జారుతోందేమో చూపే బాల్ మధ్యలో ఉందో లేదో, రడ్డర్ మీద తెలియకుండా కాలు ఆనించాడేమో చూసుకుంటాడు. మూడో రకం మనిషి ఐలరాన్‌కు చిన్న రేకుముక్క అంటించి ఊరుకుంటాడు. నేరుగా ఎగిరేటప్పుడు రేకు జబ్బును దాచేస్తుంది. వేగం తగ్గి స్టాల్ అయ్యేటప్పుడు మాత్రం ఒక రెక్క ముందు వాలవచ్చు. అలాగే పై కింది రెక్కల కోణాల తేడా కూడా వట్టి అంకె కాదు, ఏ రెక్క ముందు పట్టు వదలాలో నిర్ణయించేది అదే. పిట్స్ నక్షాతో కుస్తీ పట్టినవాడికి ఈ సంగతి ఎక్కడో ఒకచోట తగిలే తీరుతుంది. ఈగిల్ కట్టినవాడికి తగలకుండానే పని అయిపోవచ్చు.

ఇది పండితుల తగవు కాదు. అమెరికా నిబంధనల ప్రకారం ఇంట్లో కట్టిన విమానంలో సగానికి పైగా పని కట్టినవాడిదే కావాలి. అలా కట్టినవాడు అర్హత పత్రం తీసుకుని తన విమానాన్ని ఏటా తానే తనిఖీ చేసుకోవచ్చు. విమానం చేతులు మారితే ఆ పత్రం వెంట రాదు, దానితోపాటు కట్టినవాడి తలలోని తెలివీ రాదు. పిట్స్ కొన్న రెండో యజమానికి మిగిలేది నక్షా, కొన్ని పెన్సిల్ గుర్తులు. ఈగిల్ కొన్నవాడికి కనీసం ఏ పని ఏ వరసలో జరిగి ఉండాలో చెప్పే పుస్తకాలు ఉంటాయి. నేను ఈగిల్ వైపు మొగ్గడానికి పెద్ద కారణం ఇదే.

అమెరికాలో ఉండి, ఎగరడం నేర్చి, ఎవరో కట్టిన పాత బైప్లేన్ కొనాలనుకునే మనవాళ్లకు ఒక మాట. పిట్స్ అయినా ఈగిల్ అయినా రంగు చూసి, ఇంజిన్ గంటలు చూసి బేరం ముగించకండి. ఐలరాన్ల మీద రేకుముక్కలు ఉన్నాయేమో చూడండి, ఫోర్కుల రంధ్రాల్లో సూది పెట్టించండి, పై రెక్క రెండు కొసల నుంచి తోకదాకా టేపు పట్టించండి. రెండు కొలతలూ కలవకపోతే, ఎందుకో అమ్మేవాడు చెప్పేదాకా డబ్బు ఇవ్వకండి.