చాప మీద తండ్రులు లేరు

తడలో ఒక అంగన్‌వాడీ గోడమీద ‘తల్లిదండ్రులకు శిక్షణ’ అని సుద్దముక్కతో రాసివుంటే ఈ వారం నా మనసు చివుక్కుమంది. బిడ్డను పెంచడానికి పాఠమా? మన అవ్వలు ఏ బడికి పోయి నేర్చుకున్నారు? అడిగేద్దామని లోపలికి పోయాను.

చాప మీద పదిమంది తల్లులు. ఒక మూడేళ్ళ పిల్లాడు ఫోను కోసం నేలమీద పడి దొర్లుతున్నాడు. తల్లి చెయ్యెత్తింది. టీచరు ఆమెను ఏమీ అనలేదు. పిల్లాడి పక్కన నేలమీదే కూర్చుని, “ఫోను ఇవ్వలేదని కోపమొచ్చింది కదా నాయనా” అంది. ఫోను ఇవ్వలేదు, అక్కడినుంచి లేవనూ లేదు. ఏడుపు సన్నగిల్లాక “బొమ్మలు సర్దుతావా, పలకలు సర్దుతావా?” అని అడిగింది. వాడు పలకలు తీసుకున్నాడు.

“ఏడ్చినప్పుడల్లా ఫోను ఇస్తే, రేపు ఇంకా గట్టిగా ఏడుస్తాడమ్మా. ఏడుపు ఆపాక దగ్గరికి తీసుకోండి. మనం అదే మరిచిపోతాం” అని అప్పుడు తల్లులకు చెప్పింది. కోపాన్ని అణుచుకునే శక్తి ఆ వయసుకు ఇంకా రాదు. పక్కన పెద్దవాళ్ళు నెమ్మదిగా ఉంటేనే అది మెల్లగా అలవడుతుంది.

నాకు మా అవ్వ గుర్తొచ్చింది. అన్నం తినకుంటే బూచాడొస్తాడనేది. తమిళనాడు సరిహద్దు ఊరు కదా, పక్కనే ఉన్న అరవ ఇంట్లోనేమో పూచ్చాండి. ఆ ఇద్దరికీ భయపడి, పదేళ్ళొచ్చినా రాత్రిపూట తోడులేకుండా దొడ్లోకి పోలేకపోయాను. అదే అవ్వ, పులికాట్ ఒడ్డున నా కొయ్య పడవ విరిగిన రోజు ఏడవొద్దనలేదు. పొద్దుగూకేదాకా కొంగుకింద ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ ఒడి ఆమెకు ఎవరూ నేర్పలేదు. బూచాణ్ణి మానమని కూడా ఎవరూ చెప్పలేదు. 1939లోనే విద్యావేత్త మాంటిస్సోరి మద్రాసు అడయారులో టీచర్లకు తరగతులు నడిపింది. తడనుంచి రైలెక్కితే పూట ప్రయాణం. ఆ పాఠాలు మా అవ్వదాకా రాలేదు.

చలం ‘బిడ్డల శిక్షణ’ చదవమని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు అడిగాను. కానీ శ్రీసిటీ ఫ్యాక్టరీ బస్సు దిగి, వంట చేసి, పిల్లాడి అలక తీర్చాల్సిన తల్లికి పుస్తకం చాలదు. కళ్ళముందు ఒకరు చేసి చూపించాలి. మూడేళ్ళలోపు పిల్లల కోసం 2024లో కేంద్రం ‘నవచేతన’ పేరుతో 140 ఆటపాటలు ఇచ్చింది. వాటిని ఇంటిదాకా చేర్చేది ఈ టీచర్లే. అడిగేద్దామని పోయిన మాట అడగకుండానే తిరిగొచ్చాను.

ఒక్కటే వెలితి. ఆ చాప మీద తండ్రి ఒక్కడూ లేడు. అయ్యా, వచ్చే నెల ఒక పూట పని మానుకుని మీరూ వచ్చి కూర్చోండి.