నీరు తీసిన నేల - ఫోటోలో వేసవి

ఫోటో అబద్ధం చెప్పదనే నమ్మకం మన రచయితల్లో కూడా చాలామందికి ఉంది. పద్యంలో అతిశయోక్తిని ఇట్టే పట్టుకోగలిగిన విమర్శకుడు ఫోటో దగ్గరికి వచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడతాడు. "ఉన్నది ఉన్నట్టు తీశాడు కదా" అంటాడు. ఉన్నదానిలో ఎంత చట్రంలోకి తీసుకున్నాడు, ఎంత బయట వదిలేశాడు అని మాత్రం అడగడు. ఈ వ్యాసంలో నేను అడగదలచుకున్నది అదే. అందుకు నేను తీసుకున్న వస్తువు శ్రీశైలం జలాశయం ఒడ్డున ఏటా వేసవిలో పుట్టుకొచ్చే ఫోటోలు.

వీటిని చూడని తెలుగు పాఠకుడు ఉండడు. ఫిబ్రవరి, మార్చి నెలలు వచ్చేసరికి జలాశయంలో నీరు తగ్గుతుంది. నందికొట్కూరు వైపున సంగమేశ్వరాలయ శిఖరం మొదట వేలెడంత కనపడుతుంది. మర్నాడు పత్రికల జిల్లా పేజీలో బొమ్మ పడుతుంది. నీలిరంగు నీళ్ళు, మధ్యలో శిఖరం, పక్కన ఒక పుట్టి. తర్వాత గుడి మొత్తం బయటపడ్డాక భక్తుల వరుస. ఆ తర్వాత సూర్యాస్తమయం, ఈతలు కొట్టే పిల్లలు, వలలో మెరిసే చేపలు, నది అవతల సోమశిల కొండల మధ్య కృష్ణ తిరిగే మలుపు. ఇప్పుడు డ్రోన్లు వచ్చాయి కాబట్టి ఆకాశం నుంచి కూడా తీస్తున్నారు. అయిదేళ్ళుగా నేను వీటిని కత్తిరించి ఒక ఫైలులో పెడుతున్నాను. చాలా బొమ్మలు నిజంగానే అందంగా ఉన్నాయి. వేసవిలో రాయి కూడా మాడే డోన్‌లో కూచుని అంత నీటిని చూస్తే ఎవరికైనా ప్రాణం లేచి వస్తుంది. ఆ అందాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు.

అయితే ఆ ఫైలంతా ఒకసారి తిరగేస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఫోటోగ్రాఫర్లు వేరు, సంవత్సరాలు వేరు, బొమ్మ మాత్రం ఒకటే. ఎం.ఏ.లో మాకు అష్టాదశ వర్ణనలు చెప్పేవారు. పర్వతం, ఋతువులు, సూర్యోదయం, చంద్రోదయం, జలక్రీడ ఇలా. కథ ఏదైనా సరే, ప్రబంధంలో ఇవి ఉండి తీరాలి. ఎక్కడివో, ఎవరివో అక్కర్లేదు. మన వేసవి ఫోటో ఈ వర్ణనలకు వారసురాలు. కెమెరా కొత్తది, కన్ను పాతది. ప్రబంధకవులందరినీ ఒకే గాటన కట్టడం కూడా న్యాయం కాదు. ఆముక్తమాల్యదలో వర్షఋతువును వర్ణించిన కృష్ణదేవరాయలు తడిసిన కట్టెలతో వంటకు తిప్పలు పడే ఇల్లాలిని చూశాడు, వానలో పొలం కాపలా కాసే రెడ్లను చూశాడు. సింహాసనం మీద కూచున్న రాజుకు కనపడ్డ పొగ, ఆ ఊరి రోడ్డు మీదే మోటారు సైకిలు దిగిన మన ఫోటోగ్రాఫరుకు ఎందుకు కనపడదు?

ఇక ఆ బొమ్మల కింద రాసే మాటలు. "జలగర్భం నుంచి వెలుపలికి వచ్చిన సంగమేశ్వరుడు", "ప్రకృతి చేసే వింత" - ఇవీ వరస. ఇందులో ప్రకృతి పాత్ర ఎంత? శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు. జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. మట్టం 840 అడుగుల దరిదాపుల్లోకి దిగితే గుడి బయటికొస్తుంది. అది మార్చిలో దిగుతుందా, ఫిబ్రవరిలోనే దిగుతుందా అన్నది ఎండ ఒక్కటే తేల్చదు. కరెంటు ఉత్పత్తికి ఎంత నీరు వదిలారు, పోతిరెడ్డిపాడు తూముల నుంచి ఎంత పోయింది, మల్యాల దగ్గర హంద్రీ-నీవా పంపులు ఎంత తోడాయి అన్నది తేలుస్తుంది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఏ ఒడ్డు ఎంత వాడుకోవాలన్న తగాదా తేలుస్తుంది. అంటే అక్కడ వేసవి అనేది సగం ఋతువు, సగం ప్రభుత్వ నిర్ణయం. దాన్ని ప్రకృతి ఖాతాలో రాసేయడం వల్ల లాభం ఎవరికి? నిర్ణయాలు తీసుకునేవాళ్ళకే.

జలాశయం కింద నూరుకు పైగా ఊళ్ళున్నాయి. లక్షమంది దాకా ఊళ్ళు వదలవలసి వచ్చింది. 1981 వేసవిలో ఇళ్ళు కూల్చి మరీ ఖాళీ చేయించారు. ఆ వేసవి కూడా వేసవే. దాన్ని ఏ క్యాలెండరు మీదా నేను చూడలేదు. అదే కాలంలో కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలోని మరో సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకెలు వేసి విప్పి, అలంపురంలో మళ్ళీ కట్టారు. సంగమేశ్వరంలోని రూపాల సంగమేశ్వరాలయాన్ని కర్నూలు దగ్గర జగన్నాథగట్టు మీదికి చేర్చారు. శిల్పసంపదను కాపాడినందుకు పురావస్తు శాఖవారిని మెచ్చుకోవలసిందే. రాయికి అంకె వేయగలిగిన వ్యవస్థ మనిషికి ఎందుకు వేయలేకపోయింది? కుటుంబానికొక ఉద్యోగం అని 1986లో ఇచ్చిన 98వ నంబరు జీవో కోసం నిర్వాసితుల పిల్లలు తల నెరిసేదాకా కలెక్టరాఫీసుల ముందు కూచున్నారు. ఆ ధర్నా ఫోటోలు కూడా అదే జిల్లా పేజీలో పడ్డాయి, కాకపోతే అడుగున, తపాలాబిళ్ళంత. పైన గుడి, కింద ధర్నా. రెండూ ఒకే బొమ్మకు రెండు ముక్కలని చెప్పే మాట ఒక్కటీ ఆ పేజీలో ఉండదు.

డోన్ వాళ్ళం మనకేమీ సంబంధం లేదన్నట్టు మాట్లాడడానికి వీల్లేదు. మా ప్రాంతం చెరువులకు హంద్రీ-నీవా నీళ్ళు మళ్ళించే పథకం 2023లో మొదలైంది. ఆ నీరు ఆ ఊళ్ళ మీదుగానే వస్తున్నది. రాయలసీమకు నీరు అక్కర్లేదని ఎవరూ అనరు, నేనసలే అనను. నీటికి చరిత్ర ఉందని మాత్రం అంటాను.

ఇక మన వాళ్ళ సంగతి. అభ్యుదయ పత్రికలకు గుళ్ళూ సూర్యాస్తమయాలూ రుచించవు. మనకు వేసవి అంటే మరో బొమ్మ ఉంది: బీటలు వారిన నేల. రాయలసీమ ప్రత్యేక సంచిక అనగానే అట్ట మీద అదే. ఈ బొమ్మ మీద నాకు చాలాకాలంగా అనుమానం ఉంది, చెప్పేస్తాను. నేల పెంకుల్లా అలా పగలాలంటే మట్టి మెత్తగా ఉండాలి, నీళ్ళలో బాగా నానాలి. చెరువు అడుగున పేరుకున్న ఒండ్రు అలా పగులుతుంది, నల్లరేగడి కొంతవరకు పగులుతుంది. డోన్ చుట్టుపక్కల గరుసు నేలలూ ఎర్ర నేలలూ అలా పగలవు. గట్టిపడి దుమ్ము రేగుతాయి, అంతే. అంటే మనం కరువుకు గుర్తుగా అచ్చేసే బొమ్మ నీరు నిలిచిన చోటు బొమ్మ. గుడి ఫోటో తీసినవాడు కెమెరా కాస్త కిందికి వంచితే మన అట్టబొమ్మ తయారవుతుంది! ఒకటి ఆనందం, ఒకటి ఆక్రోశం. రెండింటిలోనూ మనిషి లేడు. మా కరువుకు ముఖం వేరే ఉంది. మూటలు, పిల్లలు, వంట గిన్నెలతో గుంటూరు వైపు మిరపకోతలకు సుగ్గికి పోయే కుటుంబాలు డోన్ జంక్షన్ ప్లాట్‌ఫారం మీద రాత్రంతా కూచుంటాయి. ఎండాకాలానికి తిరిగొస్తాయి. దాన్ని ఫోటో తీయడం కష్టం. వాళ్ళు మనల్ని తిరిగి చూస్తారు.

మనిషిని చట్రంలోకి తెచ్చినంత మాత్రాన సరిపోతుందా అంటే అదీ లేదు. మన ప్రాంతాన్ని ఊడ్చిన 1876-78 నాటి ధాత కరువులో డబ్ల్యు. డబ్ల్యు. హూపర్ అనే మద్రాసు సైనికాధికారి ఎముకల గూళ్ళయిన జనాన్ని వరసగా కూచోబెట్టి ఫోటోలు తీశాడు. అవి నేడు కరువుకు సాక్ష్యాలే. కాని గ్రూపు ఫోటోకు కూచోబెట్టినట్టు ఆ మనుషులను అమర్చిన చెయ్యి కూడా వాటిలో కనపడుతుంది. ఒక్కరి పేరూ లేదు.

దీనికి ఎదురుగా ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో మాంటిసెల్లో ఆనకట్ట కింద బెర్రియెస్సా లోయ మునిగిపోబోతున్నప్పుడు, 1956లో, డొరోతియా లాంగ్ అనే ఆమె పిర్కిల్ జోన్స్ అనే సహచరుడితో కలిసి ఆ లోయ చివరి ఏడాదిని ఫోటోలు తీసింది. చివరి పంట, నరికిన చెట్లు, తవ్వి తరలించిన సమాధులు, ఎటు పోవాలో తెలియక పరుగెత్తే ఒక గుర్రం. లైఫ్ పత్రిక కోసం తీసిన ఈ బొమ్మలను ఆ పత్రిక వేయలేదు. 1960లో అపెర్చర్ అనే ఫోటోగ్రఫీ పత్రిక 'ఒక లోయ మరణం' అన్న అర్థం వచ్చే పేరుతో ప్రచురించింది. ఇప్పుడు బెర్రియెస్సా సరస్సు వేసవి విహారానికి పేరున్న చోటు. పడవలు, ఈతలు, అన్నీ ఉన్నాయి. లాంగ్ ఫోటోలు ఆ విహారాన్ని ఆపలేదు, ఆపడానికి తీసినవీ కావు. అయితే అవి ఉన్నందువల్ల ఆ సరస్సును 'ప్రకృతి వింత' అనడానికి ఎవరికీ నోరు రాదు. శ్రీశైలం విషయంలో మనకు అలాంటి బొమ్మల పుస్తకం లేకపోవడమే ఈ బాధకు మూలం.

కొందరు మిత్రులు ఇక్కడ తొందరపడి, వేసవి వినోదం మధ్యతరగతి విలాసం, దాన్ని బొమ్మ తీయడమే తప్పు అనే తీర్మానానికి వస్తారు. నేను రాను. వేసవికి సుఖాలున్నాయి. బనగానపల్లె మామిడిపండు ఉంది, కళింగరకాయ ఉంది, కుండలో మజ్జిగ ఉంది, బావిలో దూకే పిల్లవాడు ఉన్నాడు. కష్టజీవికి సంతోషం ఉండదని రాసే సాహిత్యం కష్టజీవిని అవమానిస్తుంది. జలాశయం ఒడ్డున కూడా అంతే. నీరు తీసినకొద్దీ బయటపడే ఒండ్రులో పైరు పెట్టే రైతులున్నారు. కోస్తా నుంచి వచ్చి గుడిసెలు వేసుకునే జాలర్లున్నారు. చిన్న కన్నుల అలవి వలలతో పిల్లచేపలను కూడా ఊడ్చేస్తున్నారని స్థానిక మత్స్యకారులకు వాళ్ళతో తగాదా కూడా ఉంది. వలలో చేప మెరిసే ఫోటోలో ఆ వల కన్ను ఎంతో చూసిన విమర్శకుడు ఎవడైనా ఉన్నాడా? ఉంటే అదే వస్తు విమర్శ, అదే శిల్ప విమర్శ. రెంటినీ విడదీయడం పాఠ్యపుస్తకాల్లోనే సాధ్యం.

ఈ ఫైలును మా బడిలో పనిచేసి రిటైరైన ఒక సారుకు చూపించాను. ఆయన ఊరు మునిగిన ఊళ్ళలో ఒకటి. గుడి వైపు, సూర్యాస్తమయం వైపు ఆయన చూడలేదు. "ఇది ఎన్ని అడుగుల మట్టం దగ్గర తీసినారప్పా?" అన్నాడు ప్రతి బొమ్మకూ. ఒక్కదాని కిందా ఆ అంకె లేదు. మట్టం ఎంత దిగితే తమ ఊరి మెట్ట తేలుతుందో, ఎంత దిగితే తమ ఇంటి పునాది తేలుతుందో ఆయనకు తెలుసు. మనకు తేదీ ఎలాంటిదో ఆయనకు ఆ అంకె అలాంటిది. కనుక ఫోటోగ్రాఫర్లకు నా సూచన చాలా చిన్నది. తీయండి. గుడి తీయండి, ఈత తీయండి. కింద తేదీ వేయండి, నీటిమట్టం వేయండి, ఆ నీటి కింద ఉన్న ఊరి పేరు వేయండి. విశేషణాలు తీసేయండి.

రచయితలకు మాత్రం ఇంకొంచెం పని ఉంది. మునిగిన ఊళ్ళ ఫోటోలు లేవని అనుకుంటున్నాం గాని, ఉన్నాయి. పునరావాస కాలనీల్లో, నందికొట్కూరు, ఆత్మకూరు, కర్నూలు ఇళ్ళల్లో, గోడలకు తగిలించి ఉన్నాయి. అవి పెళ్ళి ఫోటోలు. కళాఖండాలు కావు కనుక ఎవరూ వాటిని చరిత్రగా చూడలేదు. ఆ సారు నాకు తన పెళ్ళి ఫోటో చూపించాడు. 1978 నాటిది, ఎండాకాలపు ముహూర్తం, స్టూడియోవాడు ఊరికొచ్చి తీసింది. వధూవరులు కళ్ళు చిట్లించి ఉన్నారు, ఎండ ఎదురుగా ఉంది. వాళ్ళ వెనక ఒక నాపరాతి అరుగు, సున్నం కొట్టిన గోడ, గోడలో దీపపు గూడు, సగం మాత్రమే కనపడే ద్వారబంధం. పక్కన పందిరి గుంజ పట్టుకుని ఒక పిల్లవాడు, చేతిలో సగం కొరికిన కళింగర ముక్క. దంపతుల గురించి ఆయన ఏమీ చెప్పలేదు. గోడ మీద వేలు పెట్టి, గూడు అవతల ఏముందో, ద్వారబంధం దాటితే ఎవరి ఇల్లో, ఆ సందు ఎటు పోతుందో, చట్రం దాటి బల్ల మీద వేలితో గీస్తూ చాలాసేపు చెప్పుకుపోయాడు.