గండికోట దారిలో సంగటి విద్య

పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకొని పారే గండి అంచున నిలిచిన కోటను చూడవచ్చే యాత్రికులలో ఎక్కువమంది లోయమీద సూర్యోదయాన్ని, మాధవరాయస్వామి ఆలయ గోపురాన్ని, జుమ్మా మసీదును, ధాన్యాగారాన్ని చూసి, పూట గడవడానికి ఏదో ఒకటి తిని తిరిగిపోతున్నారు. కోటకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో జమ్మలమడుగు, దానికి ఆగ్నేయాన ప్రొద్దుటూరు, కోటకు దక్షిణాన పులివెందుల ఉన్నాయి. ఈ మూడు ఊళ్ళ చిన్న హోటళ్ళలో, భోజనపు మెస్సులలో, బస్టాండు వీధుల్లోని దోసె బండ్లమీద తెల్లవారకముందే మొదలయ్యే వంటపని కోట గోడలు పేర్చిన రాతిపనికి ఏ విధంగానూ తీసిపోని విద్య. గండికోటకు వచ్చి ఈ విద్యను రుచి చూడకుండా వెళ్ళినవారు సగం గండికోటనే చూసినట్టు లెక్క.

ఈ సీమ భోజనానికి నడుమ కూర్చునేది రాగి సంగటి. బియ్యాన్ని, లేదా నూకలను, మామూలు అన్నానికి పోసేదానికంటే చాలా ఎక్కువ ఎసరు పోసి, మెతుకు చిదిమితే చితికిపోయేంత మెత్తగా ఉడికించి, ఆ ఉడుకుతున్న అన్నం నడుమ రాగిపిండిని గుట్టగా పోసి, కలపకుండా, కట్టెతో మధ్యలో ఒక బొక్క చేసి మూత పెడతారు. ఆ బొక్కగుండా ఆవిరి పైకి పొంగి పిండిని లోపలినుంచి ఉడికిస్తుంది. ఇక్కడ తొందరపడి ముందే కలిపితే పిండి పచ్చిగా మిగిలి ఉండలు కడుతుంది, ఆలస్యం చేస్తే అడుగంటి మాడువాసన ముద్ద ముద్దకూ పాకుతుంది. పిండి రంగు ముదిరి, పచ్చివాసన పోయి, కమ్మని వాసన మొదలైన క్షణాన గిన్నెను నేలకు దించి, కదలకుండా అదిమిపట్టి, సంగటి కట్టెతో గెలుకుతారు. గెలకడమంటే అన్నాన్ని గిన్నె గోడకు నొక్కి రుద్దుతూ, అడుగునుంచి పైకి తిరగేస్తూ, మెతుకూ పిండీ ఒక్కటయ్యేదాకా బలమంతా పెట్టి తిప్పడం. తరువాత కాసేపు మూతపెట్టి ఉమ్మగిల్లనిచ్చి, తడిచేత్తో ముద్దలు చేస్తారు. తడివేలితో తాకినప్పుడు అంటుకోని ముద్ద, విరిచినప్పుడు లోపల తెల్లని మెతుకు విడిగా కనబడని ముద్ద, నెయ్యి వేయడానికి బొటనవేలితో చేసిన గుంత చివరిదాకా కూలిపోని ముద్ద మంచి సంగటికి గుర్తులు.

ఇంటిలో నలుగురికి గెలకడమే కష్టమనిపించే ఈ పనిని హోటలు వంటవాళ్ళు ఒక్క విడతలో వందమందికి సరిపడా చేస్తారు. నిలువెత్తు కట్టె పట్టుకొని, పొయ్యి సెగకూ గిన్నె ఆవిరికీ నడుమ నిలబడి, చెమట బొట్టు గిన్నెలో పడకుండా తలకు గుడ్డ చుట్టుకొని, చేయి ఆపకుండా తిప్పే ఆ మనిషి ఒక్క ఉండ మిగలనివ్వడు. పైగా పొగలు కక్కే ముద్దను అరచేతిలో ఒక్క తిప్పు తిప్పి ఆకులో వేస్తే, వరుసలో ఉన్న ముద్దలన్నీ ఒకే కొలతలో ఉంటాయి. తూకం వేసి చూసినవారికి తేడా దొరకదు. ఇంతటి పనితనానికి పేరుపెట్టి పిలిచే బిరుదు లేదు, సన్మానసభ లేదు. కర్ణాటకలో ముద్దె అన్న పేరుతో ప్రధానంగా రాగిపిండితోనే చేసే వంటకం గొప్ప దానికుంది గాని, మెతుకు కలిసిన కడప సంగటిలోని మృదుత్వం అందులో రాదన్నది ఈ సీమవారి తీర్పు, ఆ తీర్పు సరైనదే. సంగటిని నమలకూడదు, చిన్న తుంట తుంచి, పులుసులో ముంచి, మింగాలి.

ఆ పులుసు నాటుకోడిదైతే పని ఇంకా పెరుగుతుంది. ఈకలు తీసిన కోడిని మంటమీద కాల్చి, పసుపు రుద్ది, తోలుతోనే ముక్కలు కోస్తారు. తోలు కాలిన ఆ వాసనే పులుసుకు పునాది. ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి, లవంగం, చెక్క దోరగా వేయించి నూరిన మసాలాను ముక్క సగం ఉడికాక వేసి, సన్నమంటమీద నూనె పైకి తేలేదాకా ఉంచుతారు. ముదురు కోడి గంటకు పైగా ఉడకనిదే లొంగదు. తలకాయకూర, బోటి, కాళ్ళపులుసు వంటివి 17వ శతాబ్దంలో మీర్ జుమ్లా గోల్కొండ సైన్యంతో కోటను పట్టుకొన్న తరువాత ఇక్కడ స్థిరపడిన ముస్లిం కుటుంబాల పొయ్యిలమీద మెరుగుపడ్డాయని అంటారు. మాంసం తినని వారికి సంగటితో చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేయించిన వేరుసెనగలను మిరపకాయలతో, చింతపండుతో రోట్లో బరకగా నూరిన పచ్చడి, లేదా పప్పుగుత్తితో ఎనిపిన గోగాకు పప్పు ఉండనే ఉన్నాయి.

జమ్మలమడుగు చుట్టూ ఉన్న నల్లరేగడి నేల జొన్నకూ సెనగకూ పెట్టింది పేరు కాబట్టి జొన్నరొట్టె పనితనం ఇక్కడ వేరు. జొన్నపిండికి గోధుమపిండికి ఉన్న సాగుడు లేదు; అందువల్ల కర్రతో ఒత్తితే అంచులు చిట్లిపోతాయి. వేడినీటితో పిండిని తడిపి, అరచేతి మడమతో బాగా మర్దించి, పీటమీద పొడిపిండి చల్లి, ఒక చేత్తో తడుతూ రెండవ చేత్తో అంచును కాపాడుతూ రొట్టెను పెంచుతారు. పెనంమీద వేసిన వెంటనే పైముఖానికి తడిగుడ్డతో నీరు అద్ది, ఆ నీరు ఇంకగానే తిరగేస్తే రొట్టె పొంగుతుంది. పళ్ళెమంత వెడల్పున, అంచునుంచి నడిమిదాకా ఒకే మందంలో, ఒక్క చీలిక లేకుండా రొట్టె తట్టే ఆడవారు సాయంకాలం వీధి పక్కన పొయ్యి పెట్టుకొని కూర్చుంటే, మాట్లాడుతూనే, చిల్లర లెక్కపెడుతూనే చేయి తప్పకుండా తడతారు. ఆ చేతి చప్పుడులోని లయ తప్పిందంటే రొట్టె చెడిందని పక్కన కూర్చున్నవారికి చూడకుండానే తెలుస్తుంది.

బంగారం వ్యాపారానికీ, అమ్మవారిశాల దసరా ఉత్సవాలకూ పేరుపొందిన ప్రొద్దుటూరులో ఉదయపు రాజ్యం కారం దోసెది. ఎండుమిరపకాయలు నానబెట్టి ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు చేర్చి నూరిన ఎర్రకారాన్ని, దోసె పైముఖం ఇంకా పూర్తిగా ఆరకముందే పూయాలి. అప్పుడే ఎర్రగడ్డ పచ్చివాసన పెనం వేడికి పోయి, కారం దోసెలోకి ఇంకుతుంది. ఆపైన వేయించిన సెనగపప్పుతో కొట్టిన పప్పులపొడి చల్లి, నెయ్యి వేసి మడుస్తారు. ఒకే పెనంమీద అనేక దోసెలు వరుసగా పోసి, ఏది ముందు పోసిందో మరవకుండా, ఒక్కొక్కదానికి దాని సమయానికే కారం పూసే దోసె మాస్టరు నేర్పు చూడడానికైనా ఆ బండి దగ్గర నిలబడాలి. నీళ్ళలో ముంచి పిండిన బొరుగులతో చేసే ఉగ్గాని, దానితో మిరపకాయ బజ్జి, గుంత పొంగణాలు కూడా ఈ వేళ తినవలసినవే.

ఇంతకీ గండికోటను ఏలిన పెమ్మసాని నాయకుల వైభవం మొదలైన నాటికి ఈ కారానికి మూలమైన మిరప ఈ నేలకు రాలేదు. పోర్చుగీసువారి ఓడలతో 16వ శతాబ్దంలో మనదేశానికి చేరిన మిరప, దక్కను లోపలికి అంచెలంచెలుగా వచ్చిందని చెబుతారు. అంతకుముందు కారం ఎక్కువగా మిరియాలదే. పులివెందుల వైపు పొలాల్లో విస్తరించిన వేరుసెనగ ఇంకా తరువాతిది. సీమ వంట ఎప్పటికీ మారకూడదన్న వాదన నిలవదని దీనివల్లనే తెలుస్తున్నది. కొత్త దినుసును తన పనితనంలోకి లొంగదీసుకొని ఎదిగిన వంట ఇది.

కాని ఈనాడు జరుగుతున్నది ఎదుగుదల కాదు, మోసం. సంగటి పేరుతో కుక్కరులో అన్నం ఉడికించి, చివర పిడికెడు రాగిపిండి చల్లి, గరిటెతో నాలుగు తిప్పులు తిప్పి, రంగు గోధుమవన్నెకు తిరగగానే ముద్దచేసి వడ్డిస్తున్నారు. ఆ ముద్దలో పిండి పచ్చిది. తిన్నవారికి కడుపుబ్బరమే మిగిలి, సంగటి అంటే ఇంతేనన్న అపకీర్తి ఈ సీమకు అంటుకుంటున్నది. నెలల తరబడి తిరిగి పెరిగిన కోడి బదులు ఆరువారాల బ్రాయిలరుకు పసుపు పులిమి నాటుకోడి అని బోర్డు రాస్తున్నారు. ఎర్రకారానికి ఎర్రరంగు పొడి కలుపుతున్నారు. కోట పరిసరాల్లో గుడారాలు వేసుకొనే పర్యాటకులకోసం పుట్టిన తిండి దుకాణాలలో గోబీ మంచూరియా, ఫ్రైడ్ రైస్ దొరుకుతాయి గాని జొన్నరొట్టె అడిగితే మొహమొహాలు చూసుకుంటారు. గోబీ మంచూరియాలో, కబాబులలో కృత్రిమ రంగులను కర్ణాటక ప్రభుత్వం 2024లో నిషేధించవలసి వచ్చిందంటే ఆ రంగులు ఎంత ప్రమాదకరమో చెప్పనవసరం లేదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక నగరాల్లో రాగి పేరుకు గిరాకీ పెరిగింది; ఆ పేరు పలికే హోటళ్ళలో ఎన్నింటిలో సంగటి కట్టె ఉన్నదో వెతికి చూస్తే సిగ్గుపడవలసిందే. గెలికేవాడి భుజానికి తగిన కూలి ఇవ్వలేని వ్యాపారం ఆ విద్య పేరును మాత్రం బోర్డుమీద వాడుకోవడం అన్యాయం.

గండికోటకు వచ్చేవారు చేయవలసినది పెద్దదేమీ లేదు. కోట దగ్గరి పర్యాటక శాఖ వసతిగృహంలో దిగినా, జమ్మలమడుగులో దిగినా, ఉదయం ప్రొద్దుటూరు వీధిలో స్థానికులు గుమికూడిన దోసె బండిని వెతుక్కోవాలి. మధ్యాహ్నానికి లారీ డ్రైవర్లూ, సంతకు వచ్చిన రైతులూ కూర్చునే మెస్సును ఎంచుకోవాలి, ఎందుకంటే చెడ్డ సంగటిని వాళ్ళు రెండవసారి క్షమించరు. నాటుకోడి కావాలంటే ముందురోజే చెప్పి, కోడిని చూసి ఖాయం చేసుకోవాలి. అప్పటికప్పుడు పావుగంటలో వడ్డించేది నాటుకోడి కాదు. తిరుగుదారి కడప మీదుగా రాయచోటి వైపైతే గువ్వలచెరువు పాలకోవా కొనుక్కోవచ్చు. పచ్చిపిండి ముద్ద వడ్డిస్తే మొహమాటపడక వెనక్కి పంపాలి, మంచి ముద్ద దొరికిన చోట వంటగదిలోకి తొంగిచూసి గెలికినవారికి ఆ మాట చెప్పి రావాలి, అడిగిన ధరకు బేరమాడకుండా చెల్లించాలి.