కాకెంగిలి ఎక్కడిదాకా? బడి స్నేహాలు, కులం మాట, మన సాహిత్యం

తెలుగులో బడి జ్ఞాపకాలకు కొదవ లేదు. ‘బుడుగు’ నుంచి ‘ఇల్లేరమ్మ కతలు’ దాకా చిన్నతనం మీద మనవాళ్ళు రాసుకున్నంత ముద్దుగా ఇంకే వయసు మీదా రాసుకోలేదు. ఆ పుస్తకాలను తీసిపారేయడం మా ఉద్దేశం కాదు, మేమూ నవ్వుకుంటూ చదివినవాళ్ళమే. మా పేచీ వేరే ఉంది. ఆ లోకంలో అల్లరి ఉంది, అలకలున్నాయి, జట్టు కట్టడాలు, కటీఫ్ చెప్పుకోవడాలు ఉన్నాయి. కులం పేరెత్తితే తెగిపోయిన జట్టు మాత్రం లేదు.

దళితులు కలం పట్టాక అదే బడికి రెండోవైపు కనిపించింది. సతారా బడిలో అంబేడ్కర్ కూర్చున్న గోనెపట్ట, ప్యూను రాకపోతే దాహం తీరని కుళాయి మనందరికీ తెలిసినవే. ఈ సాహిత్యంలో మాట అన్నవాడున్నాడు, పడ్డవాడున్నాడు. పక్కనే కూర్చొని విన్న మూడోవాడు, అంటే నిన్నటిదాకా స్నేహితుడైనవాడు, ఏమయ్యాడు? అటు ముద్దు జ్ఞాపకాల్లోనూ, ఇటు మన ఆత్మకథల్లోనూ వాడి ముఖం సరిగా కనపడదు. ఈ వ్యాసంలో మేం వెతికేది వాణ్ణే.

అనంతపురం మెట్ట పల్లెల నుంచే మొదలుపెడదాం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల ఇది. అది కూడా సమయానికి పడదు. చెనిక్కాయ పంట పోయిన ఏడు అమ్మానాయనలు బెంగళూరు పనులకు పోతారు. పిల్లోడు అవ్వ దగ్గరన్నా ఉండాల, సాంఘిక సంక్షేమ హాస్టల్లోనన్నా చేరాల. అయిదో తరగతి దాకా చాలామందికి కాలనీ పక్క బడే బడి. ఆరో తరగతికి పెద్దూరి జిల్లా పరిషత్ హైస్కూలుకు పోతేనే ఊరిపిల్లలు, గేరిపిల్లలు ఒక బెంచీ మీదికి వచ్చేది. కాబట్టి ఈ స్నేహాలు పుట్టేదీ, పరీక్షకు నిలబడేదీ పదకొండు, పన్నెండేళ్ళ వయసులోనే.

ఆ స్నేహానికి ఒక కొలత ఉంది, కాకెంగిలి. మామిడికాయనో బెల్లం ముక్కనో చొక్కా అంచులో చుట్టి పటుక్కున కొరికి సగం పంచుకుంటే అది ఎంగిలి కాదని పిల్లల శాస్త్రం. పెద్దల ఎంగిలి నియమానికి పిల్లలు తమకు తాము పెట్టుకున్న మినహాయింపు ఇది. మనుధర్మం చదవకుండానే మనువుకు పెట్టిన చిల్లు అనొచ్చు! మాకు తెలిసిన పల్లెల్లో కులమొచ్చి తగిలేది ముందుగా ఇక్కడే. నిన్నటిదాకా కాకెంగిలి పంచుకున్న పిల్ల ఒకరోజు “మా జేజి వద్దనింది” అంటుంది. తిట్టదు. గొంతు కూడా పెంచదు. కాయ మాత్రం చేతికి రాదు.

తిట్టు వేరే చోట నుంచి వస్తుంది. స్కాలర్‌షిప్పు ఫారాలు వచ్చినరోజు “ఎస్సీ పిల్లలంతా లేచి నిలబడండి” అనే పిలుపు వింటూ పెరిగినవాళ్ళం మేము. మా ఇళ్ళల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం వాళ్ళం. ఆ పిలుపులో అయ్యవారికి దురుద్దేశం లేకపోవచ్చు. అయితే అప్పటిదాకా ఒట్టి పేర్లున్న పిల్లలు ఆ పూట నుంచి రెండు రకాలవుతారు. మధ్యాహ్నం కబడ్డీలో ఓడిపోయినవాడికి చేతిలో ఆఖరి ఆయుధం సిద్ధంగా ఉంటుంది. ‘హాస్టలోడు’, ‘కాలనీవోడు’ అనేవి చిన్న అస్త్రాలు. అవి పనిచేయకపోతే నేరుగా కులం పేరే.

దీన్ని ఇప్పుడు ‘బుల్లీయింగ్’ అంటున్నారు. పనికొచ్చే మాటే, కానీ చాలదు. బలమున్న పిల్లోడు బలం లేని పిల్లోణ్ణి ఏడిపించడం అని ఆ మాటకు అర్థం. ఇక్కడ బక్కపలచని ఆరో తరగతి పిల్లోడు కూడా, తనకంటే ఎత్తూ లావూ ఉన్న, తనకంటే బాగా చదివే పిల్లోణ్ణి ఒక్క మాటతో కూలదోయగలడు. ఆ మాట వెనక భూమి ఉంది, ఊరుంది, రచ్చకట్ట ఉంది. కౌన్సెలింగు ఇచ్చి ఇద్దరి చేతులూ కలిపించడం వల్ల ఆ భూమి కదలదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం నలుగురిలో కులం పేరుతో దూషించడాన్ని నేరమంటుంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని మానసికంగా హింసించకూడదంటుంది. అయినా 2023 ఆగస్టులో తమిళనాడులోని నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిని అదే బడి పిల్లలు ఇంటిమీదికొచ్చి కొడవళ్ళతో నరికారు. అడ్డమొచ్చిన చెల్లెలూ గాయపడింది. 2024 జూన్‌లో జస్టిస్ చంద్రు కమిటీ నివేదిక ఇచ్చింది. బడి పేర్లలో కులం తీసేయమనీ, పిల్లల మణికట్లకు కులాన్ని చాటే రంగుదారాలు ఉండనీయొద్దనీ సిఫార్సు చేసింది. అవసరమైనవే. కానీ స్నేహితుడి మౌనాన్ని ఏ కమిటీ పట్టుకోలేదు, పట్టుకోనక్కర్లేదు కూడా. అది సాహిత్యం చేయాల్సిన పని.

ఆ పని ఎట్లా ఎగ్గొట్టామో చూడాలంటే జాషువా కథే చాలు. ఆయన బాల్యమిత్రుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి. ఆ సావాసంలోనే ఆయనకు కవిత్వం మీద ఇష్టం పెరిగింది. వినుకొండలో ఒక అవధాన సభలో జాషువా పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు అవమానించారు. కుంగిపోయిన జాషువాకు ఓదార్పు దొరికింది. మనకు చెప్పే కథ ఇక్కడ ఆగుతుంది. ఆ ఓదార్పును తక్కువ చేయడం లేదు మేము. ఆ కాలంలో ఓదార్చే చెయ్యి దొరకడమే గొప్ప. మా ప్రశ్న ఈ కథను తరతరాలుగా చెప్పుకుంటున్న విమర్శకులకు. మాట పడింది సభలో. ఓదార్పు ఒక్కడికి అందింది. ఆ సభకు జవాబు ఎవరు చెప్పారని మీరెందుకు అడగలేదు?

ఇక్కడ కర్ణుడు గుర్తొస్తాడు, రాకుండా ఎట్లుంటాడు! సూతపుత్రుడని నిండుసభలో అంటే దుర్యోధనుడు ఆ సభలోనే లేచి నిలబడ్డాడు. 1977లో ‘దానవీరశూరకర్ణ’ వచ్చాక ఆ సన్నివేశం ఊరూరా పిల్లల నోట పలికింది. దళితవాడల్లో మరీను. ఎందుకని? సభలో స్నేహితుడు నోరు తెరవడం చూడాలనే ఆకలి అది. అయితే ఆ స్నేహానికీ ఒక ధర ఉంది. అర్జునుడికి ఎదురు నిలిచే విలుకాడు దుర్యోధనుడికి కావాలి. పైగా కర్ణుణ్ణి రాజును చేస్తే తప్ప సాటివాడని అనిపించలేకపోయాడు. రాజ్యం లేకుండా, ఒట్టి కర్ణుడిగా సమానుడని అనలేకపోయాడు.

మా జిల్లా చిలుకూరి దేవపుత్ర (2016లో పోయారు) తన కథల సంపుటికి ‘ఆరు గ్లాసులు’ అని పేరు పెట్టారు. టీకొట్టు గ్లాసు గురించి మాట్లాడేవాళ్ళు కాకెంగిలిని వదిలేయకూడదు. గ్లాసు వేరు చేసే చెయ్యి కాయ వెనక్కి తీసుకున్నరోజే తయారవుతుంది. 2008లో అన్వేషి తెచ్చిన పిల్లల పుస్తకాల్లో జూపాక సుభద్ర బడి స్నేహితుల మీద రాసిన కథ ఉంది. పిల్లల సాహిత్యంలో కులానికి చోటేమిటని అడిగేవాళ్ళు దాన్ని చదవాల. పిల్లలకు కులం తెలియదన్న అబద్ధం పెద్దల సౌకర్యం కోసమే బతుకుతోంది.

మాట పడ్డ పిల్లల కథ మనవాళ్ళు రాస్తున్నారు, ఇంకా రాస్తారు. “మా జేజి వద్దనింది” అన్న పిల్ల కథ మేము రాయలేం. ఆ సాయంత్రం ఆమె ఇంటికి పోయి ఏం చేసింది, చేతిలో మిగిలిన సగం కాయను తిన్నదా పారేసిందా, మర్నాడు బెంచీ ఎందుకు మారింది, ఆ సంగతి ఆమెకే తెలుసు. ఆమె పెద్దదై కథలు రాస్తూ ఉండొచ్చు. దళితుల మీద సానుభూతి కథలే రాస్తూ ఉండొచ్చు. వాటికంటే మాకు కావాల్సింది ఆ ఒక్క కథ.