జేబులో ఇమిడే వీడియో కెమెరా: మెట్టసీమలో దాని గుణదోషములు

2000వ సంవత్సరపు ఖరీఫులో అనంతపురం జిల్లా వేరుశనగ చేలను ఒక తెగులు చుట్టుముట్టినది. లేత ఆకులు మాడి, కాండము నల్లబడి, మొక్కలు నిలువునా చచ్చినవి. దాదాపు 2,25,000 హెక్టార్లలో పైరు దెబ్బతిన్నది. కాండము కుళ్లు తెగులని పిలిచే ఈ జబ్బుకు మూలము, మొదట పొగాకులో గుర్తించిన ఒక వైరసు. గట్ల మీద, బాటల పక్కన మొలిచే వయ్యారిభామ కలుపుమొక్క పుప్పొడిలో ఈ వైరసు దాగి యుండును. తామర పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకొని వేరుశనగ ఆకు మీద వాలి, ఆకును గీకి రసము పీల్చునప్పుడు ఆ గాయము గుండా వైరసు లోనికి పోవును. కనుక వయ్యారిభామ పూయకముందే పెరికివేయుట ముఖ్యమైన నివారణోపాయము.

ఈ సంగతిని శాస్త్రజ్ఞుడు ఒక పుటలో వ్రాయగలడు. కాని రైతుకు నమ్మకము కుదరవలెనన్నచో కలుపుపూత, పురుగు, మాడిన మొవ్వ, ఈ మూడూ ఒక వరుసలో కంటికి కనబడవలె. 19,130 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణముతో, 2022లో రెండుగా విడివడు వరకు రాష్ట్రములోకెల్ల పెద్దదిగా ఉండిన ఈ జిల్లాలో, ప్రతి పల్లెకూ అధికారి పోయి చూపించుట జరిగే పని కాదు. ఇక్కడ ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పడిన వానకు పదును నిలిచేది కొద్ది రోజులే. ఆ పదును ఆరిన తరువాత వచ్చే సలహా వలన ఒరిగేది లేదు. అటువంటి చోట, ఒక రైతు తన చేలో చూచినదానిని పక్క ఊరి రైతుకు చూపించుటకు, చవకలో దొరికే చిన్న వీడియో కెమెరా ఎంతవరకు అక్కరకు వచ్చునో విచారించదగియున్నది.

అట్టి కెమెరాలలో పేరుపొందినది అమెరికాకు చెందిన ప్యూర్ డిజిటల్ కంపెనీవారి ‘ఫ్లిప్’. ఈ కంపెనీ 2005లో, ఒక్కమారు వాడి తిరిగి దుకాణములో ఇచ్చివేయవలసిన వీడియో కెమెరాను అమ్మినది. దుకాణము వారు అందులోని దృశ్యములను డి.వి.డి. మీదికి ఎక్కించి ఇచ్చేవారు. కొన్నవారిలో కొందరు గడుసువారు దానిని తిరిగి ఇవ్వక, విప్పి చూచి, మరల మరల వాడుకొనే ఉపాయము కనిపెట్టినారు. జనమునకు ఏమి కావలెనో కంపెనీ వారికి దీనివలన తెలిసియే ఉండును! 2007లో వెలువడిన ‘ఫ్లిప్ అల్ట్రా’ కొని ఉంచుకొనుటకే తయారైనది. 60 నిమిషముల చిత్రీకరణకు చాలిన నమూనా వెల 180 డాలర్లు. అప్పటి మారకపు రేటున ఇంచుమించు 7,000 రూపాయలు.

వెల తగ్గించుటకు కంపెనీ వారు పట్టిన మార్గము, తీసివేయదగినదంతయు తీసివేయుట. వెనుకవైపు నడుమ ఒక ఎర్ర మీట ఉన్నది. నొక్కినచో చిత్రీకరణ మొదలగును. మరల నొక్కినచో ఆగును. చదువు రానివారు కూడ ఒక పూటలో నేర్వగలరు. లోపల తిరిగే భాగము ఒక్కటియు లేదు. టేపు కెమెరాలో దృశ్యమును ముద్రించే తల గిరగిర తిరుగుచుండును. ఎర్రనేల ధూళి దానిని చేరినదంటే చిత్రమంతయు చారలు పడును. ఫ్లిప్‌లో కటకము సైతము ముందుకు వెనుకకు జరుగదు గనుక ధూళి దూరే సందు తక్కువ. గోడ గడియారములో వేసే పెన్సిలు సెల్లులు రెండు వేసినచో నడుచును; అవి పల్లెలోని చిల్లర అంగడిలోనే దొరుకును. ఒక తీగతో టెలివిజనుకు తగిలించి, పొద్దున తీసినది సాయంకాలము ఊరిలో చూపవచ్చును. కంప్యూటరు లేని ఊరిలో ఇది చిన్న సౌకర్యము కాదు.

మరుసటి ఏడు, 2008లో, ఇదే కంపెనీ ఇంకను పలుచనైన ‘మినో’ను తెచ్చి, సెల్లులకు బదులు లోపలనే బిగించిన బ్యాటరీని పెట్టినది. చూచుటకు ముచ్చటైనదే గాని, కరెంటు ఎప్పుడు వచ్చునో తెలియని ఊరిలో అంగడి సెల్లుతో నడిచే పాతదే మేలు. పైగా లిథియమ్ బ్యాటరీలను సాధారణముగా 45 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన వేడిలో చార్జి చేయరాదు. మే నెలలో అనంతపురము ఎండ 40 డిగ్రీలు దాటును. తలుపులు మూసిన జీపు లోపల ఎంత ఉండునో చెప్పనక్కరలేదు.

పల్లెవారికి దృశ్యముల ద్వారా వ్యవసాయము నేర్పవలెనన్న తలంపు ఈ కెమెరాతో పుట్టినది కాదు. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరము పాటు ఉపగ్రహము ద్వారా జరిగిన ‘సైట్’ టెలివిజను ప్రయోగములో ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములు పాల్గొన్నవి. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కాని అక్కడ చిత్రము పైనుండి దిగివచ్చెడిది, చూచువాడు చూచువాడే. 1990ల చివర మెదక్ జిల్లా పస్తాపూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యమున దళిత మహిళా రైతులు తామే కెమెరా పట్టి, తమ జొన్నలు, కొర్రలు, తమ విత్తనముల కథను చిత్రించుట మొదలుపెట్టినారు. వారి కెమెరాలు ఖరీదైనవి, బరువైనవి. అయినను అక్షరము రాని చేతులు కెమెరాను నడుపగలవా అన్న సందేహమునకు వారు అప్పుడే జవాబు చెప్పినారు.

2006లో బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనాలయములో రికిన్ గాంధీ మొదలుపెట్టిన ‘డిజిటల్ గ్రీన్’ చవక కెమెరాలనే ఎన్నుకొన్నది. కర్ణాటక పల్లెలలో జరిపిన తొలి ప్రయోగములో, ఖర్చుపెట్టిన ఒక్కొక్క డాలరుకు మామూలు విస్తరణ పద్ధతి కంటె పది రెట్లు ఫలితము కనబడినదని ఆ పరిశోధకులు ప్రకటించినారు. తరువాతి కాలమున ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమములోను ఈ వీడియో పద్ధతి ప్రవేశించినది. అయితే ఆ పది రెట్లనూ కెమెరా ఖాతాలో వేయుట సరికాదు. చిత్రమును చూపునప్పుడు ఊరిమనిషి ఒకరు పక్కన నిలిచి, నడుమ నడుమ ఆపి, “ఇది మన చేలో చేయగలమా?” అని అడిగి చర్చ నడిపేవారు. తెరమీద కనబడేది పట్నపు నటుడు గాక, తమవంటి రైతే, తమ యాసలో మాట్లాడేవాడే. ఈ రెండింటిని తీసివేసినచో మిగిలేది ఒక చిన్న పెట్టె.

ఇక ఆ పెట్టె లోపములు. వీటిలో కొన్ని ఏ ఊరికైన ఒకటే. కొన్ని మాత్రము ఈ మెట్టసీమలోనే బాగుగా బయటపడును.

ఫ్లిప్ అల్ట్రా వెనుక తెర ఒకటిన్నర అంగుళము. మిట్టమధ్యాహ్నపు ఎండలో అందులో ఏమియు కనబడదు. తీయువాడు అంచనా మీద తీయవలె. కాంతిని కెమెరాయే సర్దుకొనును గాని మనిషి సర్దుటకు వీలులేదు. తెల్ల తలపాగా, ఎండకు కమిలిన ముఖము ఒకే పటములో ఉన్నప్పుడు యంత్రము తలపాగాకు సర్దుకొని ముఖమును మసి చేయును. పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రము నాలుగు దాటిన తరువాత తీయుటే దీనికి విరుగుడు.

రంగుల విషయము ఇంకను చిక్కైనది. దృశ్యములోని రంగులన్నిటి సగటు బూడిదవన్నెగా ఉండునని ఇట్టి కెమెరాలు ఊహించి, దాని ప్రకారము రంగులను సవరించును. తోటలోనో, వీధిలోనో ఈ ఊహ ఇంచుమించు సరిపోవును. కాని పటమంతయు ఎర్రనేలయే అయినప్పుడు యంత్రము ఆ ఎరుపును తప్పుగా భావించి తగ్గించును. దానితో ఆకు వన్నె కూడ మారును. ఆకు పసుపెక్కినదా లేదా అన్నదానినిబట్టి జబ్బును పోల్చే రైతుకు ఇది మోసము. పటములో ఒక మూల తెల్ల తువ్వాలు పరచినచో, ఆ తెలుపు ఎంత మారినదో చూచి చూపరి ఆకు రంగును కొంతవరకు సరిచూచుకొనవచ్చును.

మొదట చెప్పిన తామర పురుగు సంగతి చూతము. దాని పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. ఫ్లిప్ కటకము ఒకే దూరమునకు బిగించినది. దాదాపు మీటరు కంటె దగ్గరకు పోయినచో చిత్రము మసకబారును. మీటరు దూరములో పటమున పట్టే వెడల్పు 75 సెంటీమీటర్లు అనుకొన్నచో, ఆ వెడల్పును కెమెరా 640 చిత్రబిందువులుగా విభజించును. 750 మిల్లీమీటర్లను 640తో భాగించగా ఒక్కొక్క బిందువుకు 1.2 మిల్లీమీటరు వచ్చును. అనగా పురుగు మొత్తము ఒక్క బిందువునకు కూడ చాలదు! తరువాత వచ్చిన 1280 బిందువుల నమూనాలో రెండు బిందువుల లోపు. రైతు చూడవలసిన ముఖ్యమైన వస్తువే చిత్రములో లేదన్నమాట. విద్యార్థులు తమ వద్ద ఉన్న ఏ కెమెరాకైనను స్కేలు ఎదుట పెట్టి ఈ లెక్క కట్టి చూడవచ్చును. విత్తనములకు మట్టి, బూడిద పట్టించుట, గట్టు వేయుట, కలుపు పెరుకుట వంటి చేతిపనులు చూపుటకు మాత్రము ఈ కెమెరా చక్కగా చాలును.

చిత్రమును కుదించే పద్ధతిలో మరియొక చిక్కున్నది. సెకండుకు 30 పటములు, పటమునకు 3,07,200 బిందువులు, బిందువుకు 24 బిట్లు చొప్పున లెక్కించినచో సెకండుకు 221 మెగాబిట్లు అగును. 60 నిమిషములను 2 గిగాబైట్లలో ఇరికించుటకు కెమెరా సెకండుకు 4.4 మెగాబిట్లే వాడుకొనగలదు. అనగా ఏబదింట ఒక వంతు. ఇది ఎట్లు సాధ్యమనగా, కదలని భాగములను మరల మరల వ్రాయక, మారిన భాగములను మాత్రమే వ్రాయుట వలన. కూర్చొని మాట్లాడే మనిషికి ఈ ఉపాయము బాగున్నది. జూన్, జూలై మాసముల గాలికి చేను చేనంతా ఊగుచున్నప్పుడు మారనిదంటూ ఏమున్నది? ఉన్న కొద్దిపాటి బిట్లను అన్ని ఆకులకు పంచవలసివచ్చి, ఆకులన్నియు పచ్చని ముద్దగా కలిసిపోవును.

ఆ గాలియే ధ్వనికి కూడ శత్రువు. కెమెరాకు అసలైన లోపము ఇక్కడనే ఉన్నది. రామగిరి కొండల మీద గాలిమరలను ఊరకే నిలుపలేదు. విత్తనపు కాలమున ఈ పీఠభూమి మీద వీచే గాలి కెమెరా ముందున్న మైకు రంధ్రమును తాకి సుడులు తిరుగును. ఆ ఒత్తిడి మార్పులను మైకు గర్జనగా వ్రాసికొనును. మాట్లాడువాడు రెండు మీటర్ల దూరములో నిలిచినచో, అర మీటరు దూరములో కంటె అతని గొంతు శక్తి మైకును పదునారింట ఒక వంతే చేరును. గాలి గర్జనకు అట్టి తగ్గుదల లేదు. ఇంతటితో ఆగక, మొత్తము ధ్వని హెచ్చినదని యంత్రము తనంత తానే ధ్వనిని తగ్గించినచో, మాట మరింత మునిగిపోవును. బయటి మైకును తగిలించి రైతు చొక్కాకు పెట్టినచో ఈ బాధ చాలవరకు తీరును. ఫ్లిప్‌లో ఆ రంధ్రమే పెట్టలేదు! వెల తగ్గించుటకు కోసివేసిన వానిలో ఇది మాత్రము కోయరానిది. మసకబారిన చిత్రమును చూచుచు కూడ రైతు పక్కరైతు మాటను విని గ్రహింపగలడు. ఎంత విత్తనమునకు ఎంత బూడిదయో వినబడకపోయిన తరువాత ఎంతటి తేట చిత్రమైనను నిరుపయోగము. మైకు రంధ్రము మీద నూలుగుడ్డ రెండు మడతలు అంటించుట, గోడ చాటున గాని గడ్డివామి చాటున గాని నిలిచి మాట్లాడించుట కొంత మేలు.

2009లో కొడాక్ కంపెనీ తెచ్చిన ‘జడ్‌ఐ8’లో మైకు రంధ్రము, మార్చుకొనదగిన మెమరీ కార్డు, దగ్గరి వస్తువుల కొరకు ప్రత్యేకమైన మీట, మూడూ ఉన్నవి. మెట్టసీమ పనికి ఇదియే తగినదని చెప్పవలె. కాని దాని ఆయువు కూడ తీరినది. ఫ్లిప్‌ను 2009లో 590 మిలియన్ డాలర్లు పెట్టి కొన్న సిస్కో కంపెనీ 2011 ఏప్రిల్‌లో దానిని మూసివేసినది. కొడాక్ 2012లో డిజిటల్ కెమెరాల తయారీని మానుకొన్నది. ఆ పనిని చేతి ఫోను ఎత్తుకొన్నది.

ఫోను ఆకునకు జానెడు దూరములోనే తేటగా తీయును. చొక్కాకు తగిలించే మైకును పెట్టుకొనవచ్చును. కాని తీసినదానిని పంపునప్పుడు పాత చిక్కే మరల వచ్చినది. వాట్సాప్‌లో చాలాకాలము వీడియోకు 16 మెగాబైట్ల పరిమితి ఉండెడిది. అయిదు నిమిషముల వీడియోను అందులో ఇమిడ్చినచో సెకండుకు దక్కేది 0.43 మెగాబిట్లు, అనగా 2007 నాటి ఫ్లిప్‌కు దక్కినదానిలో పదింట ఒక వంతు. కుదించే పద్ధతులు ఈలోగా మెరుగైన మాట నిజమే గాని, గాలికి ఊగే చేనును అవి కూడ ముద్దచేయును. చేతులు మారునప్పుడెల్ల మరికొంత నలుగుట కూడ కద్దు. వేరుశనగ ఆకు అడుగుభాగమును చూపదలచినవారు ఆకును తుంచి, గాలి తగులని చోట తెల్లకాగితము మీద పెట్టి, అరనిమిషము మాత్రమే తీసి, వీడియోగా గాక డాక్యుమెంటుగా పంపినచో ఆ ఫైలు మరల కుదింపబడదు. అవతలి ఊరిలో తెరచిచూచినవారికి తామర పురుగు కనబడును.